రష్యన్ మొదటి సెమిస్టర్: ఉచ్చారణ తెలుగులో రాసుకోవచ్చా, కూడదా? (ఫోరం చర్చ, పేర్లు సభ్యులవి)

విభక్తి:
హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రష్యన్ తీసుకున్నవాళ్ళయినా, ఎంబీబీఎస్‌కని రష్యా వెళ్ళినవాళ్ళయినా మన పిల్లలు మొదట చేసే పని ఒకటే. నోట్సులో ప్రతి మాట పక్కనా తెలుగులో ఉచ్చారణ రాసుకుంటారు. మొదటి రోజే ఈ అలవాటు మాన్పించాలంటాను. (ఇక్కడ రష్యన్ అక్షరాలు పడవు కాబట్టి నేనూ తెలుగులోనే రాస్తున్నాను, నవ్వకండి.)

ఉన్నవి 33 అక్షరాలే. వాటిలో అసలు చిక్కు పెట్టేవి ఆరు. ఇంగ్లీషు బి లా ఉండేది వ్, హెచ్ లా ఉండేది న్, పి లా ఉండేది ర్, సి లా ఉండేది స్, వై లా ఉండేది ఉ, ఎక్స్ లా ఉండేది ఖ్. హోటల్ మీద 'రిస్తరాన్' అన్న బోర్డు చూసి 'పెక్టోపాహ్' అని చదివేది అందుకే. పక్కన తెలుగు ఉందంటే కన్ను అటే పోతుంది. నెల గడిచినా ఈ ఆరూ కంటికి ఇంగ్లీషు అక్షరాలే.

పైగా మెత్తని హల్లుని తెలుగు లిపి చూపించలేదు. 'బ్రాత్' అంటే అన్నయ్యో తమ్ముడో. చివరి త్ ని మెత్తగా, య తాకీ తాకనట్టు పలికితే 'తీసుకోవడం'. 'మాత్' చదరంగంలో ఆటకట్టు, అదే మెత్తబడితే అమ్మ. నోట్సులో రెండూ ఒకలాగే ఉంటాయి.

రాదుగ:
విభక్తి గారూ, మాన్పిస్తే పిల్లలు ఊరుకోరండీ, ఇంగ్లీషులో రాసుకుంటారు. అది ఇంకా అధ్వానం. 'బాగుంది' అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే నోటికి 'ఖొరొషొ' వస్తుంది. అసలు పలుకుబడి 'ఖరషో'. ఊనిక (మాటలో ఒత్తి పలికే చోటు) లేని ఒ రష్యన్‌లో అ అయిపోతుంది. ఊనిక ఉన్న అచ్చు కాస్త సాగుతుంది. మనకి హ్రస్వం, దీర్ఘం ఉండనే ఉన్నాయి కాబట్టి ఊనిక ఉన్నచోట దీర్ఘం పెడితే సరి. బిల్లు దగ్గర 'ప్లచూ' అంటే డబ్బు కడతాను, 'ప్లాచు' అంటే ఏడుస్తున్నాను. ముద్రణలో రెండూ ఒకే స్పెల్లింగు!

ఇంగ్లీషు మీదుగా వచ్చినవాడు 'బ్రాట్' అంటాడు. రష్యన్‌లో ఉన్నది మన త యే, ట కాదు. తెలుగు ప్రచురణలు వేసిన మాస్కో సంస్థ పేరు మనవాళ్ళు 'రాదుగ' అని రాశారు చూడండి, ఊనికతో సహా సరిగ్గా కుదిరింది. 'టాల్‌స్టాయ్' మాత్రం ఇంగ్లీషు దారిన వచ్చి ట కారాలు తగిలించుకుంది.

ఇంకో లాభం ఉంది. 'చాప'లో చ వేరు, 'చీమ'లో చ వేరు. రష్యన్‌లో ఆ రెండిటికీ విడివిడిగా అక్షరాలున్నాయి. 'ౘార్' (చక్రవర్తి) అనడానికి ఇంగ్లీషువాడు తంటాలు పడతాడు, మనకి చాప అనగలిగితే చాలు. అలాగే ష, శ. నాలుక మడిచి పలికే ష ఒక అక్షరం, సాగదీసిన 'శ్శ' ఇంకో అక్షరం. 'బోర్శ్శ్' సూపులో ఉన్నది రెండోదే.

మెత్తగుర్తు:
ష, శ తేడా పాటించే తెలుగు నోళ్ళు ఇప్పుడెన్ని ఉన్నాయి లెండి. సరే, నా అభ్యంతరం వేరే.

తెలుగులో పలికినట్టే రాస్తాం, రష్యన్‌లో అలా కాదు. పాలని 'మలకో' అని రాసుకున్నవాడు పరీక్షలో మొదటి రెండు ఒ లూ ఎగరగొట్టి అ లు పెడతాడు. మొదటి సెమిస్టర్ డిక్టేషన్లలో ఎర్రసిరా ఎక్కువ పడేది ఇక్కడే. అంతకన్నా పెద్ద నష్టం విభక్తుల దగ్గర. 'పుస్తకం యొక్క' అన్నా, 'పుస్తకానికి' అన్నా వినపడేది 'క్నీగి'యే. రాతలో మాత్రం ఒకదాని చివర ఇ, ఇంకోదాని చివర యె. తెలుగులో రాస్తే ఆ తేడా పోయింది. అయిదో వారంలో విభక్తులు మొదలయ్యేసరికి పిల్లవాడి దగ్గర పట్టుకోవడానికి చివరే ఉండదు.

గోదారిగట్టు:
విభక్తులంటే మనకెందుకు భయమో. 'మ్న్యె ఖోలద్న' అంటే మాటకి మాట 'నాకు చలి'. 'ఎత క్నీగ', 'ఇది పుస్తకం'. మధ్యలో 'ఈజ్' లేదు, ముందు 'ఎ', 'ది' లేవు. ఇంగ్లీషు మీడియం వాళ్ళు అక్కడ లేని 'ఈజ్' కోసం వెతుకుతుంటారు.

రాదుగ:
గోదారిగట్టు గారు చెప్పింది నిజమే, కానీ దానికి వేరే చర్చ తెరుద్దాం. మెత్తగుర్తు గారి 'క్నీగి'కి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. అయితే చెవికి రష్యన్‌వాడికీ రెండూ ఒకటే. వాడు తేడా పట్టేది వాక్యాన్ని బట్టి.

చలిదేశం:
మెడికల్ పిల్లల సంగతి చెప్పాలి. పాఠాలు ఇంగ్లీషులోనే అయినా వార్డులో రోగి మాట్లాడేది రష్యన్. 'గ్ద్యె బలీత్?' (ఎక్కడ నొప్పి?), 'నా ష్తో జాలుయితిస్?' (ఏమిటి బాధ?) తెలుగులో బట్టీపట్టి అడిగేస్తారు. జవాబు అర్థం కాదు, అది తర్వాతి మాట. 'జాలుయితిస్'లో మొదటిది జ కాదు, ఝ కాదు. ష అంటూ గొంతు మోగించాలి. రెండు వేళ్ళు గొంతుమీద పెట్టుకుని 'ష్‌ష్‌ష్' అంటూ అదరడం మొదలయ్యేదాకా మోగిస్తే వస్తుంది. 'ఉండడం', 'కొట్టడం' రెండిటినీ 'బీత్' అని రాసుకునేవాళ్ళకీ చిట్కా ఉంది. ఊ అనండి, నాలుక కదపకుండా పెదవులు మాత్రం ఈ అన్నట్టు సాగదీయండి. 'ఉండడం'లో అచ్చు అది. ఏ లిపిలో రాసినా ఇవి రావు.

అసలు దెబ్బ చేతిరాతతో తగులుతుంది. అక్కడి టీచర్లు బోర్డు మీద కలిపిరాతే రాస్తారు. అందులో త్ ఇంగ్లీషు చిన్న ఎం లా, ద్ జి లా, ఇ యు లా, ప్ ఎన్ లా ఉంటాయి. ముద్రణ అక్షరాలు మాత్రమే తెలిసినవాడికి కేసు షీటు వరసగా కొక్కేలు గీసినట్టుంటుంది. మొదటి రెండు వారాలు రోజుకి ఒక పేజీ కలిపిరాత రాయిస్తే, తెలుగు రాసుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండదు.

విభక్తి:
కలిపిరాత మాట బాగుంది. రాదుగ గారూ, మీ పద్ధతిలో ఎప్పుడు ఆపాలంటారు? విదేశీయులకి పెట్టే మొదటి మెట్టు పరీక్షకే 780 మాటలు రావాలి. అన్నిటికీ తెలుగు రాస్తూ కూర్చుంటే సెమిస్టర్ అయిపోతుంది.

రాదుగ:
అన్నిటికీ వద్దు. రష్యన్‌లో రాసి ఊనిక గుర్తు పెట్టడం తప్పనిసరి. మామూలు ముద్రణలో ఆ గుర్తు ఉండదు, యో మీద రెండు చుక్కలు కూడా తరచు వదిలేస్తారు. 'ఫ్స్యె' (అందరూ), 'ఫ్స్యో' (అంతా) ఒకేలా కనపడతాయి. తెలుగు రాసేది రాత ఒకటి, పలుకు ఒకటి అయిన మాటలకే. 'సివోద్న్య' (ఇవాళ) రాతలో గ్, పలుకులో వ్. 'జ్‌ద్రాస్త్వుయ్‌తె' (నమస్కారం)లో మొదటి వ్ మాయం. అవీ పెన్సిల్‌తో, పేజీ వెనక వైపు. నాలుగో వారం చివర చెరిపేయాలి.

మెత్తగుర్తు:
వెనక వైపు అయితే నాకు అభ్యంతరం లేదు. 'క్నీగి' మాత్రం అక్కడ కూడా రాయనివ్వను.