మూడవ తరగతి పిల్లలకు ఆంగ్లం చదవడం నేర్పే విషయంలో సలహా కావాలి

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నేను తెలంగాణలోని ఒక పల్లెలో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతికి బోధిస్తున్నాను. 2022-23 నుంచి మాకు ఆంగ్ల మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఆంగ్లంలో, ఎదుటి పేజీ తెలుగులో ఉండటం మంచిదే గాని, పిల్లల చూపు సహజంగానే తెలుగు పేజీ మీదికి పోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. గుణింతాలు వచ్చిన పిల్లవాడు తెలుగులో కొత్త మాటనైనా కూడబలుక్కుని చదవగలడు, ఎందుకంటే రాసినదే పలుకుతాము. అదే పిల్లవాడు ఆంగ్లంలో ‘సీ, ఏ, టీ’ అని అక్షరాల పేర్లు వల్లించి, ‘క్యాట్’ అని జ్ఞాపకం నుంచి చెబుతాడు. ‘మ్యాట్’ చూపిస్తే ఆగిపోతాడు. ఉన్న 26 అక్షరాలే దాదాపు 44 ధ్వనులను మోయాలి కనుక, ‘క్యాట్’, ‘కేక్’, ‘కాల్’ మాటల్లో ఒకే ‘ఏ’ మూడు రకాలుగా ఎందుకు పలుకుతుందని వాళ్లు అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు ఉండటం లేదు. ఇంటి దగ్గర ఆంగ్లం వినే అవకాశమూ వాళ్లకు లేదు.

అక్షరాల పేర్లు పక్కనపెట్టి, ముందుగా ధ్వనులే నేర్పి ఫలితం చూసినవారు ఎవరైనా ఉన్నారా? ‘సెడ్’, ‘వాజ్’ వంటి నియమానికి లొంగని మాటలను ఏ దశలో పరిచయం చేశారు? ఆంగ్ల పదాల మీద తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోనివ్వడం మేలా, కీడా? 34 మంది పిల్లలున్న తరగతిలో, రోజుకు ఒక్క పీరియడులో సాధ్యమయ్యే పద్ధతిని అనుభవంతో వివరించగలరని ప్రార్థన.