అప్‌డేట్: గులాబీ మొదట్లో వచ్చిన గడ్డ సంగతి

మా గులాబీ కాండం మొదట్లో గరుకు గడ్డ పెరుగుతోందని, అది మొక్కకు క్యాన్సరా అని ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే అది క్రౌన్ గాల్, అంటే బాక్టీరియా వల్ల మొక్కకు వచ్చే గడ్డ రోగం. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

తర్వాత చదివింది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. మట్టిలోని ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా, గాయపడిన చోట మొక్క విడుదల చేసే రసాయనాలను పసిగట్టి అక్కడికి చేరుతుంది. తనలో విడిగా వలయంలా ఉండే డీఎన్ఏ అయిన టీఐ ప్లాస్మిడ్‌లోని ఒక డీఎన్ఏ ముక్కను మొక్క కణంలోకి పంపిస్తుంది. అది మొక్క డీఎన్ఏలోనే అతుక్కుపోతుంది! అందులోని జన్యువులు ఆక్సిన్, సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోన్లను అదుపు లేకుండా తయారుచేయిస్తాయి, కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. పైగా ఆ బాక్టీరియాకు ఆహారమైన ఓపైన్లు అనే పదార్థాలను కూడా మొక్క కణాలే తయారుచేసి పెడతాయి. ఈ డీఎన్ఏ బదిలీ 1977లో రుజువైంది.

ఆ డీఎన్ఏ మొక్క కణాల్లోనే ఉండిపోతుంది కాబట్టి బాక్టీరియాను చంపినా గడ్డ ఆగదు. అందుకే మందు కొట్టమని కొందరు ఇచ్చిన సలహా పాటించలేదు. అయితే మొక్క కణాలు గోడల మధ్య బందీలు కాబట్టి, మన క్యాన్సర్‌లా కణాలు కదిలి వేరేచోటికి పాకవు.

మొక్కను వేళ్లతో సహా తీసేశాను, కత్తెర శుభ్రం చేశాను. ఆ మట్టిలో ఇప్పట్లో గులాబీ పెట్టను. ఈ బాక్టీరియా సహజంగా సోకని గడ్డి జాతి మొక్కలే వేస్తాను.