శరదృతువు రాగానే మేత డబ్బాలు దించేయాలా?

పెరటిపిట్ట: ఇంకా మేత పెడుతుంటే పక్షులు వలస మానేసి చలికి చిక్కుకుంటాయని కొందరి వాదన. నిజమేనా?

తూనీగ: కాదండీ. బయల్దేరమని చెప్పేది ముఖ్యంగా పగటి పొడవు. 1920ల్లో జీవశాస్త్రవేత్త విలియం రోవాన్ కెనడాలో చలికాలం నడిమధ్య బల్బులతో పగలు పొడిగిస్తే, జంకో పిట్టల్లో వసంతపు మార్పులు ముందే వచ్చాయి. పంజరంలోని వలస పిట్టలు ఎదురుగా మేత ఉన్నా, వలస వేళకు రాత్రిళ్లు నిలవలేక రెక్కలు కొట్టుకుంటాయి. దాదాపు 3 గ్రాముల రూబీ గొంతు హమ్మింగ్‌బర్డ్ ప్రయాణానికి ముందు కొవ్వు పట్టి రెట్టింపు బరువుకు చేరువవుతుంది. సరిగ్గా అప్పుడా డబ్బా దించేది?

గూటిపలక: అంత తేలిగ్గా కొట్టేయకండి. మధ్య యూరప్‌లోని బ్లాక్‌క్యాప్ అనే చిన్న పిట్టలు కొన్ని మధ్యధరా వైపు పోకుండా బ్రిటన్‌లో చలికాలం గడపడం 1960ల నుంచి పెరిగింది. తోటల్లో దొరికే మేత అందుకు ఒక కారణం.

తూనీగ: అది తరాల మీద దారి మారడం. ఆ దిశ పుట్టుకతోనే వస్తుందని పెంపకంలో పుట్టిన పిట్టపిల్లలతో జర్మన్ పక్షిశాస్త్రవేత్త బెర్తోల్డ్ బృందం చూపింది. మీ డబ్బా ఈ ఏడాది ఏ పిట్టనూ కట్టిపడేయదు.

గూటిపలక: సరే, వలస మాట వదిలేద్దాం. జబ్బుల మాటేమిటి? బ్రిటన్‌లో 2005 నుంచి గ్రీన్‌ఫించ్‌లను ట్రైకోమోనాస్ అనే సూక్ష్మ పరాన్నజీవి తెచ్చే జబ్బు ఊడ్చేసింది. జబ్బు పిట్ట ఉమ్మి తగిలిన గింజలు, నీళ్ల ద్వారా పాకుతుందది. కడగలేనివాళ్లు దించేయడమే మేలు.

తూనీగ: ఇది ఒప్పుకుంటా. గింజల డబ్బా రెండు వారాలకోసారి విప్పి, పొట్టు దులిపి, సబ్బునీళ్లతో కడిగాక, 1 వంతు బ్లీచ్‌కు 9 వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు నానబెట్టాలి. బాగా జాడించి, పూర్తిగా ఆరాకే గింజలు పోయాలి. తడి మీద పోస్తే అడుగున ఉండకట్టి బూజు పడుతుంది. ఈకలు ఉబ్బించుకుని మందకొడిగా కూర్చున్న పిట్ట కనిపిస్తే మేత, నీళ్లతొట్టి రెండూ కనీసం రెండు వారాలు తీసేయండి. హమ్మింగ్‌బర్డ్‌లకు 1 వంతు తెల్ల చక్కెర, 4 వంతుల నీళ్లు. తేనె, రంగు వద్దే వద్దు. ఎండగా ఉంటే రెండ్రోజులకోసారి మార్చాలి.

వానపాము: మీరిద్దరూ డబ్బా దగ్గరే ఆగిపోయారు. వార్బ్లర్లు చాలావరకు పురుగులు తినేవి, గింజల వైపే చూడవు. రాలిన ఆకులు ఊడ్చకుండా, పురుగుమందు కొట్టకుండా ఉంటే వాటికదే విందు. ఎండిన పొద్దుతిరుగుడు తలలు కోయొద్దు. కిటికీ అద్దానికి బయటివైపు 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు అంటించండి, డబ్బాను అద్దానికి మీటరు లోపే వేలాడదీయండి. అంత దగ్గర నుంచి లేచిన పిట్టకు వేగం అందదు, గుద్దుకున్నా దెబ్బ తక్కువ. రాత్రి పెరటి దీపాలు ఆర్పేయండి, చిన్న పిట్టల్లో చాలా వరకు ఎగిరేది చీకట్లోనే.

పెరటిపిట్ట: మరి చక్కెర నీళ్లు ఎప్పటిదాకా?

తూనీగ: చివరి హమ్మింగ్‌బర్డ్ కనిపించాక ఇంకో రెండు వారాలు. ఆ ఏడు పుట్టిన పిల్లలు పెద్దవాటికంటే ఆలస్యంగా బయల్దేరతాయి.