హోమ్ ఫోల్డర్ నుంచి తెచ్చిన ఫైళ్లకు 403: ఎస్ఈలైనక్స్ ఆపేయాలా?

ప్రశ్న: అల్మాలైనక్స్ 9 ఆపరేటింగ్ సిస్టమ్‌లో అపాచీ వెబ్ సర్వర్‌తో మా గ్రంథాలయ పుస్తకాల జాబితా పెడుతున్నాను. హోమ్ ఫోల్డర్‌లో తయారుచేసిన ఫైళ్లను ఎంవీ (తరలింపు) ఆదేశంతో వెబ్ ఫోల్డర్‌లోకి చేర్చాను. అందరూ చదవగలిగేలా ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 అనుమతులు ఉన్నాయి. అయినా 403 (అనుమతి లేదనే లోపం) వస్తోంది. ఎస్ఈలైనక్స్ (లైనక్స్‌లోని అదనపు భద్రతా వ్యవస్థ) అడ్డుకోకుండా సెట్‌ఎన్‌ఫోర్స్ 0 అని కొట్టగానే పేజీ తెరుచుకుంది. ఎస్ఈలైనక్స్‌ను శాశ్వతంగా ఆపేయమని ఒక మిత్రుడు అంటున్నారు. ఆపేయవచ్చా?

జవాబు: దయచేసి ఆపకండి. అపాచీలోని ఏ లోపం గుండానో ఎవరైనా చొరబడితే, వారిని మీ సొంత ఫైళ్ల జోలికి పోనివ్వకుండా అడ్డుకునేది అదే. పైగా ఆపి ఉన్న రోజుల్లో పుట్టిన ఫైళ్లకు ఎస్ఈలైనక్స్ లేబుళ్లు (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును తాకవచ్చో తేల్చే గుర్తులు) ఉండవు. మళ్లీ మొదలుపెట్టాలంటే సిస్టమ్ మొత్తానికీ లేబుళ్లు వేయించాలి.

644 చూసి అంతా సరిగ్గా ఉందనుకోవడం సహజమే. కానీ ఎస్ఈలైనక్స్ చూసేది లేబుల్‌ను. ఎల్ఎస్ ఆదేశానికి పెద్ద జెడ్ జోడించి చూడండి: మీ ఫైళ్ల మీద 'యూజర్_హోమ్_టి' అని ఉంటుంది. ఎంవీ పాత లేబుల్‌ను వెంట తెస్తుంది. అదే సీపీతో నకలు చేసి ఉంటే, కొత్త ఫైలుకు ఆ ఫోల్డర్ లేబులే వచ్చేది. అపాచీ చదవడానికి 'హెచ్‌టీటీపీడీ_సిస్_కంటెంట్_టి' కావాలి. వెబ్ ఫోల్డర్ మీద, ఉండాల్సిన లేబుళ్లను తిరిగి వేసే రెస్టోర్‌కాన్ -ఆర్‌వీ నడపండి (ఆర్ పెద్దది, వీ చిన్నది). తర్వాత ఎస్ఈలైనక్స్ మళ్లీ అడ్డుకునేలా సెట్‌ఎన్‌ఫోర్స్ 1 కొట్టడం మరవకండి.

ప్రశ్నించినవారు: పేజీ వచ్చిందండీ, ధన్యవాదాలు! కానీ ముఖచిత్రాలు వేరే డిస్కులో, రూట్ కింద నేను సృష్టించిన 'డేటా' ఫోల్డర్‌లో ఉన్నాయి. అక్కడ రెస్టోర్‌కాన్ నడిపినా 403 పోలేదు.

జవాబు: ఆ ఫోల్డర్ మీరు సృష్టించినది కనుక, దానికి వెబ్ లేబుల్ వేయాలని ఎస్ఈలైనక్స్ విధానంలో (నియమాల జాబితాలో) ఎక్కడా లేదు. రెస్టోర్‌కాన్ విధానంలో ఉన్నదే అమలు చేస్తుంది. ముందు సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ -ఏ -టీతో పైన చెప్పిన వెబ్ లేబుల్‌ను ఆ దారికి నమోదు చేయండి. దారి చివర (/.*)? చేర్చి, మొత్తాన్ని కొటేషన్ల మధ్య ఉంచితే లోపలి ఫైళ్లన్నీ వస్తాయి. ఆ తర్వాతే రెస్టోర్‌కాన్. లేబుల్‌ను నేరుగా మార్చే సీహెచ్‌కాన్‌తోనూ పని అవుతుంది గానీ, ఎవరైనా మళ్లీ రెస్టోర్‌కాన్ నడిపితే ఆ మార్పు చెరిగిపోతుంది.

ఇంకా అడ్డు తగిలితే, ఎస్ఈలైనక్స్ నిరాకరణల చిట్టాను వెతికే ఏయూసెర్చ్ -ఎం ఏవీసీ -టీఎస్ రీసెంట్ అని కొట్టి, వచ్చిన వరుసను ఇక్కడ పెట్టండి. ఆ నిరాకరణల నుంచి అనుమతి నియమాలు తయారుచేసే ఆడిట్2అలౌ ఇచ్చిన నియమాన్ని మాత్రం చదవకుండా ఎక్కించకండి.