ఏఐ రాసిన కోడ్‌కు టెస్టులు కూడా దానిచేతనే రాయించవచ్చా?

ప్రశ్న (విజయవాడ, పటమట)

అందరికీ నమస్కారం. గుంటూరులోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి మేము రసీదుల సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చాం. రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం చిన్న ప్రింటర్ కాగితం మీద తెలుగులో రావాలి. పేరు పొడవుగా ఉంటే పది అక్షరాలకు కుదించే కోడ్ ముక్కను, అంటే ఫంక్షన్‌ను, అది సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులను కూడా ఏఐ చేతనే రాయించాను. టెస్టులన్నీ పాసయ్యాయి. తీరా మొదటి రోజే వెంకటలక్ష్మి అనే రైతుకు ‘వెంకటలక్ష్’ అని రసీదు వచ్చింది. సరుకు విడిపించుకునేటప్పుడు పేరు కలవకపోతే ఎలాగని ఆమె దాన్ని తిరిగి ఇచ్చేశారు. ఆమె అడిగింది న్యాయమే. మన కంటికి అయిదే అక్షరాలైన ఆ పేరు, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ లెక్కలో 12 సంకేతాలు (గుణింతం గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి). ఫంక్షన్ పదో సంకేతం దగ్గర కత్తిరించేసింది. టెస్టుల్లో ఉన్నవన్నీ ఇంగ్లీషు లిపి పేర్లే, వాటిలో ఒక్కో అక్షరం ఒక్క సంకేతమే. ఇకపై టెస్టులన్నీ నేనే రాయాలంటే, ఏఐ వల్ల మిగిలిన సమయం మిగిలినట్టేనా?

జవాబు 1 (గుంటూరు, అరండల్‌పేట)

అక్షరమంటే ఒక సంకేతమేనన్న పొరపాటు కోడ్‌లో ఉంది, అదే టెస్టులోకీ వచ్చింది కాబట్టి రెండూ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోయాయి. నేనైతే కోడ్ అడగకముందే పాత రిజిస్టరులోంచి ఇరవై పేర్లు తీసుకుని, ఒక్కొక్కటి ఎలా అచ్చు కావాలో స్వయంగా రాసి పెట్టుకుంటాను. ఒత్తులున్న పేర్లు, ఇంటిపేరుతో కలిపి రాసినవి అందులో తప్పక ఉండాలి. దీనికి అరగంట చాలు. మిగతా టెస్టులు ఏఐ రాసినా నాకు అభ్యంతరం లేదు.

జవాబు 2 (విజయవాడ, మొగల్రాజపురం)

సమయం సంగతి మనకు అనిపించినట్టు ఉండదండీ. ఏఐ సామర్థ్యాన్ని పరీక్షించే మెటర్ (METR) అనే సంస్థ 2025 జులైలో ప్రచురించిన అధ్యయనంలో 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు, తమకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐ వాడినప్పుడు పనికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వారు మాత్రం 20 శాతం తగ్గిందనే నమ్మారు. అవి 2025 తొలినాళ్ల పరికరాలు, పెద్ద ప్రాజెక్టులు. అందరికీ ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనను. అయినా అది చదివాక గడియారం చూసి రాసుకోవడం మొదలుపెట్టాను. కొత్త ఫారాలు, రిపోర్టుల పనిలో నాకు నిజంగానే సమయం కలిసివచ్చింది. నేనే రాసిన పాత బిల్లింగ్ కోడ్‌లో మాత్రం, ఏఐ ఇచ్చినదాన్ని చదివి సరిదిద్దేసరికి మొదటి నుంచి రాసుకున్నంత పని అయింది.

జవాబు 3 (గుంటూరు, బ్రాడీపేట)

నేను ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది, తప్పయితే చెప్పండి. అసలు రైతు పేరును ఎందుకు కుదించాలి? రసీదులో రెండో వరుసకు చోటు లేదా?

ప్రశ్న అడిగినవారు

చోటు ఉంది. కుదించే ఫంక్షన్‌ను పూర్తిగా తీసేసి, పొడవైన పేరు పదాల మధ్య విడిపోయి రెండో వరుసలోకి దిగేలా మార్చాను. స్టోరేజీ రిజిస్టరులోని ఇరవై పేర్లనూ ఈ సాయంత్రం ప్రింటర్ మీదే పరీక్షించాను, అన్నీ పూర్తిగా వచ్చాయి. వెంకటలక్ష్మి గారి కొత్త రసీదును రేపు నేనే తీసుకెళ్లి ఇస్తాను.