వెన్నులో మత్తు సూదికి అంతలా ఎందుకు వంగమంటారు?

ప్రశ్న:
ఇంకో పదిహేను రోజుల్లో నాకు రెండో సిజేరియన్. మొదటిసారి బల్ల అంచున కూర్చోబెట్టి "వంగమ్మా, ఇంకా వంగు" అని ఒకటే అనడం, కడుపు అడ్డంగా ఉంటే ఎంతని వంగను? మూడోసారి గుచ్చితే గానీ పడలేదు. ఎందుకు వంగాలో ఎవరూ చెప్పలేదు. అది తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. సరిగ్గా వంగకపోతే సూది వెన్నుపాముకి తగులుతుందా?

జవాబు (మత్తు డాక్టర్‌ని):
నిలబడి నడుము మీద చెయ్యి పెట్టి చూడండి, లోపలికి గుంటలా ఉంటుంది. అలా ఉన్నప్పుడు వెన్నుపూసల వెనక ముళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, వాటి మధ్య సూదికి దారి ఇరుకు. నిండు గర్భంతో ఆ వంపు ఇంకా పెరుగుతుంది. మీరు వంగితే ఆ ముళ్లు విచ్చుకుని సందు పెద్దదవుతుంది. వంగకపోతే సూది ఎముకకు తగిలి ఆగుతుంది, మళ్లీ వెతుక్కోవాలి, మీకు జరిగింది బహుశా అదే.

వెన్నుపాము భయం గురించి: పెద్దవాళ్లలో అది సాధారణంగా నడుము ఒకటి, రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది. మేం మూడు-నాలుగు మధ్యో, ఇంకా కిందో గుచ్చుతాం. అక్కడ ఉండేవి ద్రవంలో గుర్రం తోకలా వేలాడే నరాల పోగులు, అవి చాలావరకు సూదికి పక్కకి తప్పుకుంటాయి. కాల్లోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే మాత్రం కదలకుండా నోటితో వెంటనే చెప్పండి. తుంటి ఎముకల పై అంచులను బట్టి నాలుగో పూసను గుర్తుపడతాం కానీ, గర్భిణుల్లో ఆ లెక్క ఒక పూస పైకి తప్పే వీలుంది, అందుకే కాస్త కిందనే ఎంచుకుంటాం.

జవాబు (ఓటీ సిస్టర్‌ని):
అక్కా, చాలామంది తుంటి దగ్గర వంగి ముందుకు వాలిపోతారు, నడుము మాత్రం నిటారుగానే ఉంటుంది. వాలడం కాదు, నడుముని వెనక్కి, డాక్టర్ వైపు తొయ్యాలి, కోపమొచ్చిన పిల్లి వీపు లేపినట్టు. కాళ్ల కింద స్టూల్ అడగండి, దిండు కౌగిలించుకోండి, గడ్డం ఛాతీకి ఆనించి భుజాలు వదిలెయ్యండి. స్పిరిట్ చల్లగా తగలగానే అందరూ ఉలిక్కిపడి నిటారుగా అయిపోతారు, అక్కడే జాగ్రత్త. పక్కకి తిరగకుండా ఉండటం కూడా ముఖ్యమే, ఒక భుజం ముందుకొచ్చినా వెన్ను మెలి తిరుగుతుంది.

ప్రశ్న అడిగినామె:
థాంక్యూ అండీ. మందు ఎక్కించగానే గబగబా పడుకోబెట్టేశారు, అది ఎందుకు?

జవాబు (మత్తు డాక్టర్):
ఆ మందులో గ్లూకోజ్ కలిపి ఉంటుంది, వెన్నులోని ద్రవం కన్నా బరువు. కూర్చునే ఉంటే కిందికి దిగి పిరుదుల చుట్టూనే తిమ్మిరి ఎక్కువవుతుంది, మొలల ఆపరేషన్‌కి కావాలనే అలా కూర్చోబెడతాం. వెల్లకిలా పడుకుంటే మూడో పూస దగ్గర వెన్ను ఎత్తుగా, ఛాతీ వెనక పల్లంగా ఉంటుంది కాబట్టి మందు అటు జారి, సిజేరియన్‌కి కావలసిన ఎత్తుకు మత్తు అందుతుంది. తర్వాత బల్లని కాస్త ఎడమకి వంచుతారు, గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి బీపీ తగ్గకుండా.

ప్రశ్న అడిగినామె:
ఇందాక మంచం అంచున దిండు పట్టుకుని కూర్చున్నా. మా ఆయన వేలితో తడిమి చూశారు. నిటారుగా ఉంటే ఒక్క ఎముకా తెలియలేదట, నడుము వెనక్కి తోస్తే మూడు గుబ్బలు విడివిడిగా తగిలాయట. రోజూ ఓసారి అలా కూర్చుని అలవాటు చేసుకుంటా.