కొవ్వు ఆమ్లాల నిర్మాణానికి, బూజును అణచే శక్తికి సంబంధం ఏమిటి?

ప్రశ్న (బత్తాయి రైతు, నల్లగొండ): నిల్వ ఉంచిన బత్తాయిలకు గాటు పడిన చోట తెల్లగా మొదలై, పచ్చగా మారే బూజు పడుతోంది. కొవ్వు ఆమ్లాలు శిలీంద్రాలను అణచివేస్తాయని చదివాను. మరి కొబ్బరినూనె పూస్తే సరిపోతుందా?

జవాబు (రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్): సరిపోదండీ. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే అయినా అది గ్లిసరాల్‌తో (నూనెల్లో కొవ్వు ఆమ్లాలను పట్టి ఉంచే అణువు) బంధమై ఉంటుంది. శిలీంద్ర కణపు పొరలోకి చొచ్చుకుపోయి దాన్ని ఛిద్రం చేసేది ముఖ్యంగా విడిగా ఉన్న ఆమ్లం. ఆమ్లంలోని కార్బన్ గొలుసు పొడవు ఇక్కడ చాలా కీలకం. 10 నుంచి 12 కార్బన్లున్న ఆమ్లాలు సాధారణంగా చురుకుగా పనిచేస్తాయి. 16, 18 కార్బన్ల సంతృప్త (ద్విబంధాలు లేని) ఆమ్లాలు నీటిలో దాదాపు కరగవు కనుక శిలీంద్రాన్ని చేరడమే కష్టం. సిస్ ద్విబంధం (గొలుసు రెండు భాగాలూ ఒకే పక్కకు ఉండేలా రెండు కార్బన్ల మధ్య ఉండే జంట బంధం) ఉంటే గొలుసు వంగి, పొరలోని అమరికను చెదరగొడుతుంది.

మరో జవాబు (ఫార్మసీ విద్యార్థి, మిర్యాలగూడ): మేడమ్ చెప్పినదానికి తోడు పీహెచ్‌ను (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) కూడా చూడాలి, ఎందుకంటే ఆమ్ల వాతావరణంలో అయనీకరణం చెందని (విద్యుదావేశం లేని) రూపమే ఎక్కువగా ఉండి పొరను సులువుగా దాటుతుంది. కాలివేళ్ల సందుల్లో వచ్చే ఫంగస్‌కు వాడే అండిసైలెనిక్ ఆమ్లంలో 11 కార్బన్లు, గొలుసు చివర ఒక ద్విబంధం ఉంటాయి.

రైతు: ధన్యవాదాలండీ. అయితే నూనె పూయను. కోతలో తొక్కకు గాటు పడకుండా చూసుకుంటాను.